ఇల్లు పూర్తయింది సరే.. అందులో పొయ్యి వెలిగిందా? సర్కారీ ఇళ్ల లెక్కలు ఎలా చదవాలంటే..

ఇన్ని లక్షల ఇళ్లు మంజూరు చేశాం.. ఇన్ని వేల ఇళ్లు పూర్తి చేశాం.. అసెంబ్లీలో అయినా, ఎన్నికల సభలో అయినా పేదల ఇళ్ల గురించి ఎక్కువగా వినిపించేవి ఈ రెండు మాటలే. అధికార పక్షం ఒక అంకె చెబుతుంది. ప్రతిపక్షం ఇంకో అంకె చెబుతుంది. విచిత్రం ఏంటంటే చాలాసార్లు రెండూ నిజమే! ఎందుకంటే ఇద్దరూ లెక్కపెడుతున్నది ఒకటి కాదు.

మరి ప్రజల డబ్బుతో నడిచే ఇళ్ల పథకం బాగా పనిచేస్తోందా లేదా అన్నది దేన్ని బట్టి తేల్చాలి? లేచిన గోడల్ని బట్టా? ఖర్చయిన కోట్లను బట్టా? లేక ఆ ఇంట్లో కాపురం పెట్టిన కుటుంబాలను బట్టా? ఈ లెక్క తప్పితే నష్టపోయేది పేదవాడే. ఊరికి దూరంగా కట్టిన ఇంటికి వెళ్లలేక తాళం వేసుకుంటే, చివరికి నోటీసు వచ్చేది అతనికే. అందుకే ఈ లెక్కల వెనక ఏముందో ఒకసారి చూద్దాం.

మంజూరు నుంచి గృహప్రవేశం దాకా ఐదు మెట్లు

ప్రభుత్వ ఇంటి ప్రయాణంలో ఐదు దశలు ఉంటాయి.

మొదటిది మంజూరు. అంటే జాబితాలో పేరు వచ్చింది, పత్రం చేతికొచ్చింది. నేల మీద ఇంకా ఏమీ లేదు.

రెండోది గ్రౌండింగ్. అధికారుల భాషలో పని మొదలైందని అర్థం. ముగ్గు పోసి పునాది తీస్తే చాలు, ఇల్లు ఈ లెక్కలోకి వచ్చేస్తుంది.

మూడోది పూర్తి. గోడలు, స్లాబ్, తలుపులు, కిటికీలు అయిపోయాయని ఇంజినీర్ రాసిన దశ.

నాలుగోది అప్పగింత. తాళం చెవి లబ్ధిదారు చేతికి రావడం. సొంత స్థలంలో కట్టుకునే ఇంటికి ఈ దశ అంత ముఖ్యం కాదు. ప్రభుత్వమే కట్టిచ్చే ఫ్లాట్లకు మాత్రం అసలు కథ అంతా ఇక్కడే.

ఐదోది నివాసం. కుటుంబం సామాను సర్దుకుని వచ్చి, ఆ ఇంట్లో ఉండటం.

ఉదాహరణకు ఒక పట్టణంలో 100 ఇళ్లు మంజూరయ్యాయి అనుకుందాం. 90 చోట్ల పని మొదలైంది. 70 పూర్తయ్యాయి. 55 ఇళ్ల తాళాలు ఇచ్చారు. 45 ఇళ్లలో జనం ఉంటున్నారు. ఇది కేవలం ఊహించి చెప్పిన లెక్క. ఇందులో ‘వంద ఇళ్లు ఇచ్చాం’ అన్నా అబద్ధం అనలేం. ‘సగం ఇళ్లలో కూడా మనుషుల్లేరు’ అన్నా అబద్ధం అనలేం. అందుకే ఏ అంకె విన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏ మెట్టు మీది లెక్క?

నిపుణులు దీన్నే మూడు ముక్కల్లో చెబుతారు. పెట్టిన ఖర్చు, జరిగిన పని, వచ్చిన ఫలితం. ఎన్ని కోట్లు విడుదలయ్యాయన్నది ఖర్చు. ఎన్ని ఇళ్లు లేచాయన్నది పని. ఆ ఇంటివల్ల కుటుంబం బతుకు ఏం మారిందన్నది ఫలితం. 2017-18 నుంచి కేంద్ర బడ్జెట్‌తో పాటు పథకాలకు ఔట్‌కమ్ బడ్జెట్ కూడా ఇస్తున్నది ఈ మూడో ముక్క కోసమే. కానీ వేదికల మీద వినిపించేది మాత్రం ఎప్పుడూ మొదటి రెండే.

ఒకే పథకం.. రెండు శాతాలు!

2015 జూన్ 25న ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం మొదలైంది. 2022 నాటికి అందరికీ ఇల్లు అన్నది లక్ష్యం. తర్వాత గడువు పెంచారు. 2024 నవంబర్ నాటి కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం సుమారు 1.18 కోట్ల ఇళ్లు మంజూరయ్యాయి. సుమారు 88 లక్షలు పూర్తయ్యాయి. అంటే దాదాపు 74 శాతం. బాగానే ఉంది కదా?

ఇక్కడో చిన్న మెలిక ఉంది. ఈ పథకంలో నాలుగు రకాల సాయం ఉంది. మురికివాడ ఉన్నచోటే మళ్లీ ఇళ్లు కట్టడం ఒకటి. ప్రభుత్వం లేదా ప్రైవేటు భాగస్వామ్యంతో ఫ్లాట్లు కట్టడం రెండోది. సొంత స్థలంలో కట్టుకునేవారికి డబ్బు ఇవ్వడం మూడోది. బ్యాంకు గృహరుణం తీసుకున్నవారికి వడ్డీలో రాయితీ ఇవ్వడం నాలుగోది. ఈ నాలుగో రకంలో లబ్ధి పొందినవాళ్లు సుమారు 25 లక్షల మంది. వీళ్లలో మధ్యతరగతి కుటుంబాలు కూడా ఉన్నాయి.

వడ్డీ రాయితీ తప్పేమీ కాదు. కానీ బ్యాంకు రుణం ఇచ్చిందంటేనే ఆ కుటుంబానికి ఆదాయం ఉంది, కొనే స్తోమత ఉంది. మంజూరు, పూర్తి రెండూ దాదాపు ఒకేసారి అయిపోతాయి. ఈ 25 లక్షలను రెండు వైపులా తీసేసి చూస్తే సుమారు 93 లక్షల మంజూరుకు 63 లక్షలు పూర్తయినట్టు. అంటే 67 శాతం దగ్గర. అంకెలు ఎవరూ మార్చలేదు. లెక్కలోకి ఏది కలపాలన్నది మారిందంతే. శాతం ఏడు పాయింట్లు పడిపోయింది!

అసలు కొరత ఎంత? అది ఎలాంటి కొరత?

ఎన్ని ఇళ్లు కట్టామన్నది చెప్పాలంటే ముందు ఎన్ని కావాలో తెలియాలి. 2012లో కేంద్రం వేసిన నిపుణుల బృందం దేశంలోని పట్టణాల్లో 1.87 కోట్ల ఇళ్ల కొరత ఉందని అంచనా వేసింది. వినగానే ఇంతమంది రోడ్డు మీద ఉన్నారా అనిపిస్తుంది. కాదు. అసలు నీడే లేనివాళ్లు అందులో సుమారు 5.3 లక్షలు. దాదాపు 1.5 కోట్ల కుటుంబాల సమస్య ఇరుకు. అంటే ఒకే గదిలో రెండు కాపురాలు, పెళ్లయిన జంటకు వేరే గది లేకపోవడం లాంటివి.

మరోవైపు 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. కొరతా ఉంది, ఖాళీ ఇళ్లూ ఉన్నాయి! అంటే సమస్య ఇటుకలది మాత్రమే కాదు. ఇల్లు ఉన్నచోటుకీ పేదవాడి పని ఉన్నచోటుకీ, ఇంటి ధరకీ పేదవాడి ఆదాయానికీ పొంతన లేకపోవడం.

2015లో పట్టణ పథకం మొదలైనప్పుడు 2 కోట్ల ఇళ్లు కావాలన్నారు. రాష్ట్రాలు సర్వే చేశాక ఆ లెక్క 1.12 కోట్లకు దిగింది. లక్ష్యం అంకె మారితే సాధించిన శాతం కూడా మారుతుంది. అందుకే శాతం వినగానే, దేంట్లో శాతం అని చూడాలి.

ఇల్లు ఎక్కడ కట్టారు? జవాబు సగం ఇక్కడే ఉంది

హైదరాబాద్‌లోనే రెండు ఉదాహరణలు చూడండి. తెలంగాణ ప్రభుత్వం డబుల్ బెడ్‌రూం పథకాన్ని మొదట చూపించింది సికింద్రాబాద్ బోయిగూడలోని ఐడీహెచ్ కాలనీలో. 2015 నవంబర్‌లో అక్కడ 396 ఇళ్లు ప్రారంభించారు. పాత ఇళ్లు తీసేసి అదే చోట కొత్తవి కట్టి, అక్కడి వాళ్లకే ఇచ్చారు. కూలికి వెళ్లే దారి మారలేదు, పిల్లల బడి మారలేదు, చుట్టుపక్కల మనుషులూ మారలేదు.

రెండోది కొల్లూరు. సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఒకేచోట 15,660 ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. కట్టడం పరంగా చిన్న విషయం కాదు, ఏకంగా ఒక పట్టణమే. అయితే పట్టణం అన్నాక బడి, ఆస్పత్రి, రేషన్ షాపు, బస్సు అన్నీ కావాలి. నగరం నడిబొడ్డున ఇళ్లలో పనిచేసే మహిళకు, అడ్డా మీద నిలబడే మేస్త్రీకి రోజూ రానూపోనూ ఎంతవుతుందన్నది ఇంటి ఖర్చులోకి రాకుండా పోదు. ఉదాహరణకు అద్దె నెలకు 4 వేలు మిగిలి, రాకపోకలకు రోజుకు 120 రూపాయలు పెరిగితే? 25 రోజులకు 3 వేలు అక్కడే పోయినట్టు. పైగా రోజుకు రెండు మూడు గంటలు దారిలోనే.

ఇది ఊహ కాదు, అధ్యయనం చేసి చూశారు. అహ్మదాబాద్‌లో 1987లో ‘సేవా’ సంఘంలోని పేద మహిళలకు లాటరీ ద్వారా ఇళ్లు కేటాయించారు. నగర కేంద్రానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో. షారన్ బార్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే అనే ఆర్థికవేత్తలు 14 ఏళ్ల తర్వాత లాటరీ తగిలినవాళ్లనీ, తగలనివాళ్లనీ పోల్చి చూశారు. 2017లో ఈ అధ్యయనం అచ్చయింది. లాటరీ తగిలినవాళ్లలో 34 శాతం అసలు ఆ ఇళ్లకు వెళ్లనే లేదు. మరో 32 శాతం వెళ్లి కొన్నాళ్లకు వదిలేశారు. ఇల్లు మెరుగైంది కానీ కుటుంబ ఆదాయంలో, పిల్లల పరిస్థితిలో తేడా రాలేదు. చుట్టాలకు, తెలిసినవాళ్లకు దూరమయ్యారు. కష్టం వస్తే చేబదులు ఇచ్చే మనిషి పక్కన లేకుండా పోయాడు.

మరి ఇల్లు ఇస్తే లాభమే లేదా? అలా కూడా కాదు. ముంబైలో మహారాష్ట్ర హౌసింగ్ బోర్డు ‘మాడా’ లాటరీలో తక్కువ ధరకు ఫ్లాట్లు పొందిన కుటుంబాలపై తను కుమార్ అనే పరిశోధకురాలు చేసిన అధ్యయనంలో చదువు, ఉపాధి విషయాల్లో మెరుగుదల కనిపించింది. అక్కడో తేడా ఉంది. లాటరీ తగిలినవాళ్లు ఆ ఫ్లాట్‌లో ఉండొచ్చు, లేదంటే అద్దెకు ఇచ్చి తమకు అనువైన చోట ఉండొచ్చు. పైగా వాళ్లు అహ్మదాబాద్ మహిళలంత పేదవాళ్లు కాదు. అంటే ఇల్లు పనికొచ్చిందా లేదా అన్నది గోడల మీద కాదు, ఆ ఇంటిని తమ బతుక్కి తగ్గట్టు వాడుకునే వీలు మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ప్రభుత్వం ఇచ్చేదెంత? ఇంటాయన అప్పెంత?

పనితీరు లెక్కల్లో దాదాపు కనిపించని అంకె ఒకటుంది. అదే లబ్ధిదారు చేసిన అప్పు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతాల్లో ఇంటికి ఇచ్చేది 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. 2016లో పెట్టిన మొత్తం ఇది. ఉపాధి హామీ కూలీ, మరుగుదొడ్డికి 12 వేలు వేరు. 2024లో మరో 2 కోట్ల ఇళ్లకు పథకాన్ని పొడిగించినప్పుడు కూడా ఈ మొత్తం మారలేదు. ఈ మధ్యలో సిమెంట్, స్టీలు, ఇసుక, మేస్త్రీ కూలి ఎంత పెరిగాయో ఇల్లు కట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 25న భారీ ఎత్తున ఇళ్ల పట్టాల పంపిణీ మొదలైంది. పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలం. ఇంటి యూనిట్ ధర 1.80 లక్షలు. ఆ డబ్బుతో ఇల్లు పూర్తికాక చాలా చోట్ల మధ్యలో ఆగిపోయాయి. ఆ తర్వాత 2025లో కూటమి ప్రభుత్వం మధ్యలో ఆగిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష చొప్పున అదనంగా ప్రకటించింది. యూనిట్ ధర చాలలేదని ఒప్పుకున్నట్టేగా!

తెలంగాణలో 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సాయం 5 లక్షలు. అయితే డబ్బు ముందు రాదు. బేస్‌మెంట్ అయితే లక్ష, గోడలు లేస్తే 1.25 లక్షలు, స్లాబ్ పడితే 1.75 లక్షలు, మొత్తం అయ్యాక మిగతా లక్ష అన్నది పథకంలో పెట్టిన లెక్క. అంటే బేస్‌మెంట్ వరకు కుటుంబమే పెట్టుకోవాలి. చేతిలో కాస్త డబ్బున్నవాళ్ల ఇల్లు గబగబా లేస్తుంది. ఏమీ లేనివాళ్లు ముగ్గు దగ్గరే ఆగిపోతారు. లెక్కల్లో మాత్రం ఇద్దరూ ‘మంజూరు’ గడిలోనే ఉంటారు. అందుకే ఆగిపోయిన ఇల్లు కనబడితే లబ్ధిదారు నిర్లక్ష్యం అని రాసేయకుండా, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగిందని అడగాలి.

ఆంధ్రప్రదేశ్ టిడ్కో ఇళ్లది ఇంకో రకం బాధ. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు కట్టించే ఈ పథకంలో లబ్ధిదారు పేరు మీద బ్యాంకు రుణం తీసుకునే ఏర్పాటు ఉంది. ఇల్లు చేతికి రాకముందే వాయిదా కట్టమని బ్యాంకుల నుంచి నోటీసులు వచ్చాయని లబ్ధిదారులు రోడ్డెక్కిన సంఘటనలు ఉన్నాయి. ఒకవైపు అద్దె, ఇంకోవైపు ఈఎంఐ. నిర్మాణ శాతంలో ఈ బాధ ఎక్కడా కనబడదు.

ఇల్లు ఎవరికి వచ్చింది?

ఇల్లు కట్టడం ఒక ఎత్తు. అది నిజంగా అవసరమైనవాళ్లకే చేరడం ఇంకో ఎత్తు. ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. అర్హత లేనివాళ్లు జాబితాలోకి రావడం ఒకటి. అర్హులు బయటే ఉండిపోవడం రెండోది. మొదటిది బయటపడితే వార్త అవుతుంది. రెండోది ఎవరికీ కనబడదు. అసలు పేరే లేనివాళ్లను ఏ జాబితాలో వెతుకుతాం?

గ్రామీణ ఆవాస్ పథకంలో 2011 సామాజిక ఆర్థిక కులగణన ఆధారంగా పేర్లు తీసుకున్నారు. అందులో లేనివాళ్ల కోసం 2018లో ఆవాస్ ప్లస్ సర్వే చేశారు. అప్పట్లో ఇంట్లో బైక్ ఉన్నా అనర్హులే. పల్లెల్లో కూలికి వెళ్లాలన్నా పాత బైక్ ఒకటి ఉంటున్న రోజుల్లో ఈ రూల్ ఎంతమందిని బయటపెట్టిందో ఊహించుకోవచ్చు. 2024లో ఆ నిబంధన తీసేశారు. నెల ఆదాయ పరిమితిని 10 వేల నుంచి 15 వేలకు పెంచారు.

ఇంటి హక్కు ఎవరి పేరు మీద ఉందన్నది కూడా చూడాలి. ఆవాస్ యోజన నిబంధనలు మహిళ పేరు మీద, లేదా భార్యాభర్తల ఇద్దరి పేరు మీద ఇవ్వడానికి ప్రాధాన్యం ఇచ్చాయి. రేపు ఇంట్లో గొడవైతే ఆమెను బయటికి పొమ్మనే హక్కు ఎవరికీ లేకుండా చేసేది ఆ కాగితమే.

ఫొటో చెప్పేది కొంతే

ఇప్పుడు ప్రతి దశలోనూ ఇంటి ఫొటో తీసి, అది ఏ చోట తీశారో కూడా నమోదయ్యేలా యాప్‌లో పెడుతున్నారు. జియో ట్యాగింగ్ అంటే అదే. దీంతో లేని ఇంటికి బిల్లు ఎత్తుకోవడం కష్టమైంది. ఇది మంచి మార్పు. కానీ ఫొటో గోడ ఎంత లేచిందో చెబుతుంది. కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, వానొస్తే స్లాబ్ కారుతోందా, డ్రైనేజీ ఎటు పోతోంది, రాత్రి వీధిలైటు వెలుగుతోందా.. ఇవేవీ చెప్పదు.

పూర్తయిన ఇళ్లు ఖాళీగా ఉండిపోతున్నాయని పట్టణ వ్యవహారాలు చూసే పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఎత్తిచూపింది. కనీస వసతులు లేకపోవడం దీనికో కారణమని చెప్పింది. పాత ఇందిరా ఆవాస్ యోజన మీద కాగ్ 2014లో ఇచ్చిన పనితీరు నివేదికలోనూ అర్హత లేనివాళ్లకు ఇళ్లు, పూర్తికాని ఇళ్లు లాంటి లోపాలు బయటపడ్డాయి. పేరు మారింది, సాయం పెరిగింది, ప్రశ్నలు మాత్రం పాతవే.

ఇక సోషల్ ఆడిట్. ఉపాధి హామీలో దీన్ని దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఊరి జనం ముందు రికార్డు చదివి, అది నిజమా కాదా అని అడిగే పద్ధతి ఇది. గ్రామీణ ఆవాస్ మార్గదర్శకాల ప్రకారం ప్రతి పంచాయతీలో ఏడాదికి ఒకసారైనా ఇది జరగాలి. ఫొటోలో కనబడనిది బయటికొచ్చేది ఇక్కడే.

తాళం కనబడితే మోసమేనా?

ప్రభుత్వ ఇల్లు తాళం వేసి ఉన్నా, అద్దెకు ఇచ్చినా అధికారులు నోటీసులు ఇస్తుంటారు. కొందరు నిజంగానే అవసరం లేకపోయినా ఇల్లు తీసుకుని ఉండొచ్చు. అలాంటి ఇల్లు వెనక్కి తీసుకుని అర్హులకు ఇవ్వడం న్యాయమే. కానీ అహ్మదాబాద్ అనుభవం చెప్పేది ఏంటి? ఖాళీ ఇంటి వెనక బస్సు లేకపోవడం ఉండొచ్చు, పిల్లల బడి మధ్యలో ఆగడం ఉండొచ్చు, నీళ్ల కనెక్షన్ రాకపోవడం ఉండొచ్చు. ఒక కాలనీలో రెండు మూడు తాళాలు కనబడితే అది ఆ కుటుంబాల విషయం. వరసగా బ్లాకుల నిండా తాళాలే ఉంటే అది ఆ కాలనీ విషయం. అక్కడ నోటీసు అతికించాల్సింది ఇంటి తలుపుకి కాదు, ఆ స్థలం ఎంపిక చేసిన ఫైలుకి.

ఏ పథకానికైనా ఈ ఏడు ప్రశ్నలు

పార్టీ ఏదైనా, పథకం పేరు ఏదైనా పనితీరు తెలుసుకోవాలంటే ఇవి అడిగితే చాలు.

1. మంజూరైన ఇళ్లలో ఇప్పుడు కుటుంబాలు ఉంటున్నవి ఎన్ని?

2. మంజూరు పత్రం నుంచి గృహప్రవేశం దాకా ఎన్ని నెలలు పట్టింది?

3. ప్రభుత్వ సాయం పోను కుటుంబం ఎంత అప్పు చేసింది? దాన్ని తీర్చగలుగుతోందా?

4. నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి, డ్రైనేజీ, రోడ్డు అన్నీ వచ్చాకే ‘పూర్తి’ అని రాశారా?

5. పని చోటు, బడి, ఆస్పత్రి ఎంత దూరం? బస్సు ఉందా?

6. ఊళ్లో అందరికంటే పేద కుటుంబాలకు ఇల్లు వచ్చిందా? ఎవరి పేరు మీద వచ్చింది?

7. మూడేళ్ల తర్వాత వెళ్లి చూస్తే గోడలు, లిఫ్టు, మోటారు ఎలా ఉన్నాయి? వాటి నిర్వహణ ఎవరిది?

వీటిలో చాలావరకు జవాబులు మీకే దొరుకుతాయి. ఆవాస్ యోజన గ్రామీణ వెబ్‌సైట్‌లో పంచాయతీల వారీగా లబ్ధిదారుల వివరాలు ఉంటాయి. గ్రామసభలో జాబితా చదవమని అడగొచ్చు. బిల్లు ఏ దశలో ఆగిందో హౌసింగ్ ఏఈని అడగొచ్చు. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. ‘ఎన్ని ఇళ్లు కట్టారు’ అని కాకుండా, ‘మా కాలనీలో పూర్తయినట్టు రాసిన ఇళ్లలో నీటి కనెక్షన్ ఇచ్చినవి ఎన్ని, ఏ తేదీన’ అని అడగండి. ప్రశ్న ఎంత సూటిగా ఉంటే జవాబు తప్పించుకోవడం అంత కష్టం.

ఈసారి ఎవరైనా మైకు ముందు లక్షల్లో అంకె చెబితే, మీ ఊరి కాలనీకి రాత్రి ఎనిమిది గంటలకు ఒకసారి వెళ్లి చూడండి. ఎన్ని కిటికీల్లో లైటు వెలుగుతోందో లెక్కపెట్టండి. ఆ లెక్క ఏ ప్రసంగంలోనూ దొరకదు.